కంపెనీ సామాజిక బాధ్యత గురించి ఉద్యోగులు ఏమనుకుంటున్నారో కొలవడం ఎలా

ఏటా జరిపే ఉద్యోగుల సర్వే చివర ఒక వాక్యం తగిలించి వదిలేయడం చాలా కంపెనీలకు అలవాటు: "మన కంపెనీ సామాజిక బాధ్యత గల సంస్థ." దానికి సగటు 4.1 వచ్చిందని రిపోర్టులో వేసుకుంటారు. ఆ అంకె ఎందుకూ పనికిరాదు. జవాబిచ్చేటప్పుడు ఒకరి మనసులో మెదిలింది మొక్కలు నాటే కార్యక్రమం. ఇంకొకరికి గుర్తొచ్చింది కాంట్రాక్టు కార్మికులకు ఇవ్వని హెల్మెట్లు. మరొకరు తన ప్రమోషన్ గురించి ఆలోచించారు. ముగ్గురూ 4 నొక్కినా ముగ్గురు చెప్పిన మాటా ఒకటి కాదు.

అసలు తెలుసుకోవాల్సినవి మూడు. కంపెనీ చేస్తున్నది ఉద్యోగికి తెలుసా? తెలిస్తే, అది సరిగ్గా చేస్తోందని అనుకుంటున్నారా? చేయడానికి కారణం ఏమిటని నమ్ముతున్నారు? ఈ మూడింటికీ మందు వేర్వేరు. తెలియకపోతే చెప్పాలి. తెలిసీ బాగాలేదంటే పని మార్చాలి. పని బాగుందంటూనే "ఇదంతా ప్రచారం కోసమే" అంటే, ఇంకా గట్టిగా ప్రచారం చేస్తే పరిస్థితి మరింత చెడుతుంది. కాబట్టి మూడింటినీ కలిపి ఒక్క అంకెగా చేయని సర్వే కావాలి. అది తయారు చేసే పద్ధతి ఇది. 100 నుంచి కొన్ని వేలమంది దాకా ఉన్న ఏ సంస్థకైనా సరిపోతుంది.

ఇంకో సంగతి మొదట్లోనే చెప్పుకోవాలి. ఇక్కడ కొలిచేది అభిప్రాయం, బాధ్యత కాదు. మురుగునీరు శుద్ధి చేయని ఫ్యాక్టరీలో కూడా ఉద్యోగులు పర్యావరణానికి 4.5 ఇవ్వొచ్చు, పైపు ఎక్కడికి పోతుందో వాళ్లు చూడకపోతే చాలు. ఆ 4.5ని బయటి రిపోర్టులో సాక్ష్యంగా చూపడం తప్పు.

ఏయే విషయాలు అడగాలి

సామాజిక బాధ్యత అనగానే తెలుగులో వినిపించేది దానధర్మమే. బడికి బెంచీలు, వైద్య శిబిరం, రక్తదానం. కానీ ఈ రంగంలో పనిచేసేవాళ్లు దాన్ని అంత చిన్నదిగా చూడరు. మేనేజ్‌మెంట్ పరిశోధకుడు క్యారల్ 1979లోనే దాన్ని నాలుగు భాగాలు చేశాడు: ఆర్థిక, చట్టపరమైన, నైతిక, స్వచ్ఛంద బాధ్యతలు. దానం అందులో ఒక పాలు మాత్రమే. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ 2010లో తెచ్చిన 26000 మార్గదర్శకం ఏడు ప్రధానాంశాలు చెబుతుంది: సంస్థ పాలన, మానవ హక్కులు, కార్మిక విధానాలు, పర్యావరణం, న్యాయమైన వ్యాపార పద్ధతులు, వినియోగదారులు, స్థానిక సమాజం.

ఉద్యోగుల సర్వేకు వీటికంటే "ఎవరి పట్ల బాధ్యత" అన్న విభజన బాగా పనిచేస్తుంది, ఎందుకంటే ఉద్యోగి రోజూ చూసేది మనుషులనే, సూత్రాలను కాదు. పరిశోధనలో వాడే స్కేళ్లు, అంటే ముందే పరీక్షించిన వాక్యాల జాబితాలు, కూడా ఇలాగే ఉన్నాయి. టర్కర్ అనే పరిశోధకురాలు 2009లో ప్రచురించిన స్కేలులో నాలుగు గుంపులు ఉంటాయి: సమాజం-ప్రకృతి-భావి తరాలు కలిపి ఒకటి, ఉద్యోగులు, కస్టమర్లు, ప్రభుత్వం. ఎల్ అక్రెమి బృందం 2018లో ప్రచురించిన దానిలో 35 వాక్యాలు, ఆరు విభాగాలు: స్థానిక సమాజం, పర్యావరణం, ఉద్యోగులు, సప్లయర్లు, కస్టమర్లు, వాటాదారులు. పరిశోధనా పత్రం రాయాలనుకుంటే వీటిలో ఒకదాన్ని ఉన్నది ఉన్నట్టు తీసుకోండి. వాడుకకు అనుమతి ఏమిటో ముందు చూడండి, వాక్యాలు మార్చకండి. మార్చాక పాత ఫలితాలతో పోల్చే హక్కు పోతుంది. కంపెనీ లోపలి నిర్ణయాల కోసమైతే సొంతంగా రాసుకోవడమే మేలు.

సొంతంగా రాసేటప్పుడు ఈ ఆరు విభాగాలతో మొదలుపెట్టవచ్చు: కస్టమర్లు, పర్యావరణం, చుట్టుపక్కల జనం, సప్లయర్లు-కాంట్రాక్టు కార్మికులు, చట్టం-పన్నులు, ఉద్యోగులు. వాటాదారుల గురించి అడిగితే ఎక్కువమంది ఊహించి చెబుతారు, అందుకే వదిలేశాం. ఒక్కో విభాగానికి 4 వాక్యాలు, మొత్తం 24. మూడైతే ఒక వాక్యం చెడినప్పుడు ఆ విభాగమే కూలిపోతుంది. ఆరైతే జనం విసుగెత్తి ఒకే గడి నొక్కుకుంటూ పోతారు.

వాక్యాలు రాయడం

ఎక్కువ సర్వేలు చెడేది ఇక్కడే, కాబట్టి ఎక్కువ సమయం దీనికే పెట్టండి.

వాక్యంలో "సామాజిక బాధ్యత" అనే మాట రాకూడదు. కంటికి కనిపించే పనిని అడగండి. "కంపెనీ పర్యావరణం పట్ల నిబద్ధత చూపుతుంది" అన్న వాక్యానికి అందరూ తలూపుతారు. "కరెంటు, నీళ్ల వాడకం తగ్గించడానికి నేను పనిచేసే చోట కంపెనీ మార్పులు చేసింది" అంటే ఆలోచించి చెబుతారు.

ఒక వాక్యంలో ఒకే విషయం ఉండాలి. "స్థానికుల ఫిర్యాదులు విని సరిచేస్తుంది" అని రాస్తే, విన్నారు గానీ సరిచేయలేదు అనుకునేవాళ్లకు జవాబు లేదు. "మరియు", "అలాగే" కనిపించిన ప్రతిచోటా ఆగి చూడండి. తెలుగులో అసలు చిక్కు "విని", "చూసి", "మాట్లాడి" లాంటి క్రియల్లో దాక్కుంటుంది. "మరియు" లేకుండానే రెండు పనులు ఒకే వాక్యంలోకి వచ్చేస్తాయి.

తెలుగులో రాసే ప్రశ్నావళికి ఇంకొన్ని ఉచ్చులున్నాయి. ఇంగ్లీషు నుంచి అనువదించే ఏజెన్సీలు వీటిని తరచూ పట్టించుకోవు.

మొదటిది "మన". "మన కంపెనీ" అన్నప్పుడే జవాబిచ్చేవారిని కంపెనీ పక్కన కూర్చోబెట్టేశాం. ఇక విమర్శిస్తే ఇంటిగుట్టు బయటపెట్టినట్టు అనిపిస్తుంది. "మా కంపెనీ" అంటే యాజమాన్యం మాట్లాడుతున్నట్టు ఉంటుంది. "ఈ కంపెనీ" లేదా "నేను పనిచేసే కంపెనీ" అని రాయండి.

రెండోది కాలం. "వ్యర్థాలను శుద్ధి చేస్తుంది" అన్న మాట రోజూ చేస్తుందనీ అవుతుంది, ముందుముందు చేస్తుందనీ అవుతుంది. ప్రకటించిన పథకాన్నే జరిగిన పనిగా లెక్కేసి 5 ఇస్తారు. అందుకే పేజీ పైన "గత 12 నెలల్లో" అని పెట్టి, క్రియలన్నీ "చేసింది", "ఇచ్చింది" అని భూతకాలంలో ఉంచండి. ఏడాది నిండని ఉద్యోగులకు "మీరు చేరినప్పటి నుంచి" అని ఒక ముక్క కలపండి.

మూడోది "వాతావరణం". పర్యావరణం అనే ఉద్దేశంతో ఈ మాట రాస్తే, కొందరు ఆఫీసులో మనుషుల మధ్య ఉండే వాతావరణం అనుకుంటారు. ఆ రెండూ రెండు వేరే విభాగాలు, స్కోర్లు కలిసిపోతాయి.

నాలుగోది వ్యతిరేక వాక్యం. "కంపెనీ కస్టమర్లను మోసం చేయదు" అన్నదానికి "ఏకీభవించను" అని జవాబిస్తే దాని అర్థం తేల్చుకోవడానికి రెండుసార్లు ఆలోచించాలి. ఫోన్‌లో గబగబా నొక్కేవాళ్లు పొరపాటు పడతారు. శ్రద్ధ పెట్టి చదువుతున్నారో లేదో చూడటానికి తిరగేసిన వాక్యాలు కావాలంటే, వ్యతిరేక క్రియ వాడకుండా చెడు పనినే నేరుగా చెప్పండి: "ఉత్పత్తిలో లోపం బయటపడినప్పుడు కంపెనీ దాన్ని కస్టమర్ల దగ్గర దాచింది." మొత్తం మీద రెండు చాలు. లెక్కేసేటప్పుడు వాటి స్కోరును 6లోంచి తీసేయాలి: 2 వస్తే 4 అవుతుంది. ఈ పని మరిచిపోతే ఆ విభాగం లెక్కంతా తలకిందులవుతుంది. తరచూ జరిగే పొరపాటు ఇది.

నమూనాగా కొన్ని వాక్యాలు:

- కస్టమర్లు: అమ్మేటప్పుడు చెప్పిన మాటకు తగ్గట్టే కంపెనీ సరుకు ఇచ్చింది.
- చుట్టుపక్కల జనం: కంపెనీ వల్ల ఇబ్బంది కలుగుతోందని స్థానికులు చెప్పినప్పుడు దాన్ని సరిచేసింది.
- సప్లయర్లు: ఒప్పుకున్న గడువులోగా సప్లయర్లకు డబ్బు చెల్లించింది.
- కాంట్రాక్టు కార్మికులు: పర్మనెంటు ఉద్యోగులకు ఇచ్చే రక్షణ పరికరాలే కాంట్రాక్టు కార్మికులకూ ఇచ్చింది.
- ఉద్యోగులు: పనిచేసే చోట ప్రమాదం ఉందని ఎవరైనా చెబితే పట్టించుకుంది.
- ఉద్యోగులు: తప్పును బయటపెట్టినవారికి హాని జరగకుండా చూసింది.

స్కేలు, "నాకు తెలియదు" గడి

"అంగీకరిస్తాను" గ్రాంథికంగా ఉంటుంది, "ఒప్పుకుంటాను" అంటే తప్పు ఒప్పుకున్నట్టు వినిపిస్తుంది. నిజం-తప్పు స్కేలు మాట్లాడే తెలుగుకు దగ్గరగా ఉంటుంది: 1 పూర్తిగా తప్పు, 2 చాలావరకు తప్పు, 3 సగం నిజం సగం తప్పు, 4 చాలావరకు నిజం, 5 పూర్తిగా నిజం. వీటికి కొంచెం ఎడంగా, గీత అవతల, ఆరో గడి: "నాకు తెలియదు". మధ్య గడికి "చెప్పలేను" అని పేరు పెట్టకండి. తెలియనివాళ్లందరూ అక్కడికే వెళ్తారు.

ఈ ఆరో గడే మొత్తం సర్వేలో అన్నిటికన్నా విలువైనది. సప్లయర్ల వాక్యానికి 200 మంది జవాబిచ్చారనుకుందాం. అందులో 120 మందికి ఆ సంగతి తెలియదు. తెలిసిన 80 మంది సగటు 4.1. గడి లేకపోతే ఆ 120 మందీ మర్యాదకు 3 నొక్కుతారు. అప్పుడు సగటు (120×3 + 80×4.1) ÷ 200, అంటే 3.44. రిపోర్టు చదివినవాళ్లు "సప్లయర్ల విషయంలో అంతంతమాత్రంగా ఉన్నాం" అనుకుని విధానం మార్చడానికి కూర్చుంటారు. నిజానికి విధానం బాగానే ఉంది. పదిమందిలో ఆరుగురికి దాని గురించి తెలియదు, అంతే. ఇలా తప్పు మందు వేయడం సర్వే అసలు చేయకపోవడం కంటే నష్టం.

కాబట్టి "తెలియదు"ను సగటులో కలపకూడదు, 3గా మార్చకూడదు, ఖాళీగా తీసి పారేయకూడదు. విడిగా శాతం లెక్కేసి సగటు పక్కనే చూపాలి.

కారణం ఏమనుకుంటున్నారు

వినియోగదారుల మీద జరిగిన పరిశోధన ఒకటి 2006లో ఈ కారణాలను నాలుగు రకాలుగా విడదీసింది: నిజంగా నమ్మి చేయడం, సంబంధం ఉన్నవాళ్ల ఒత్తిడికి తలొగ్గి చేయడం, వ్యాపారం పెరుగుతుందని చేయడం, స్వార్థానికి వాడుకోవడం. ఉద్యోగులకూ ఇవి బాగా సరిపోతాయి. నాలుగు వాక్యాలుగా పెట్టి ఒక్కోదానికీ 1 నుంచి 5 అడగండి: "ఇది మంచి పని అని పైవాళ్లు నమ్ముతున్నారు కాబట్టి", "చట్టం, కస్టమర్లు, స్థానికులు ఊరుకోరు కాబట్టి", "దీనివల్ల వ్యాపారం పెరుగుతుంది కాబట్టి", "తప్పులు కప్పిపుచ్చుకోవడానికి పనికొస్తుంది కాబట్టి". నాలుగులో ఒకటి ఎంచుకోమని అడగకండి. ఒకే మనిషి మొదటిదాన్నీ మూడోదాన్నీ నమ్మవచ్చు, అందులో వైరుధ్యం లేదు. మూడోది ఎక్కువగా ఉన్నంత మాత్రాన కంగారు అక్కర్లేదు. వ్యాపారానికి లాభం ఉండటం తప్పని ఉద్యోగులు సాధారణంగా అనుకోరు. నాలుగోది 4 దాటిందా, అప్పుడు కంగారుపడాలి.

ఏది ముఖ్యం అని కూడా తెలుసుకోవాలనిపిస్తుంది. ఆరు విభాగాలకూ "ఎంత ముఖ్యం" అని స్కేలు ఇస్తే అన్నిటికీ 5 వస్తుంది. బదులుగా "కంపెనీ ముందుగా దృష్టి పెట్టాల్సిన రెండు ఎంచుకోండి" అనండి.

వరుస

ప్రశ్నల వరుస జవాబును మారుస్తుంది. ఉద్యోగుల విభాగం ముందు పెడితే, జీతం మీద ఉన్న కోపం పర్యావరణం దాకా పాకుతుంది. దాన్ని ఆఖరి విభాగంగా ఉంచండి. ఎప్పటికీ అదే వరుస పాటించండి.

మొదటి ప్రశ్న ఖాళీ పెట్టె: "గత 12 నెలల్లో ఈ కంపెనీ ఉద్యోగుల కోసం, బయటివాళ్ల కోసం, ప్రకృతి కోసం చేసినవాటిలో మీకు గుర్తున్నవి రాయండి." దీన్ని చివర అడిగితే ఉపయోగం లేదు, అప్పటికి 24 వాక్యాలు అన్నీ గుర్తుచేసి ఉంటాయి. ఏమీ రాయనివాళ్ల శాతమే ఎరుకకు మొదటి కొలత. తర్వాత 24 వాక్యాలు, నాలుగు కారణాలు, రెండు ఎంపికలు, ఉద్యోగ సంతృప్తి మీద 3 వాక్యాలు, ఒక వ్యాఖ్య పెట్టె, చివర మీ డిపార్ట్‌మెంటు, హోదా, ఎన్నాళ్లుగా పనిచేస్తున్నారు. ఎనిమిది నిమిషాలకు మించదు. పైన చెప్పిన వాక్యాల్లో ఒక్కోదానికి దాదాపు 10 సెకన్లు పడుతుంది.

ఉద్యోగ సంతృప్తి వాక్యాలు ఇక్కడెందుకు అంటే, కంపెనీ మీద ఉన్న ప్రేమా కోపమూ అన్ని జవాబులకూ ఒకే రంగు పూస్తాయి. "చుట్టుపక్కల జనం" స్కోరుకూ సంతృప్తి స్కోరుకూ సహసంబంధం (రెండు స్కోర్లు ఎంతగా కలిసి పెరిగి తగ్గుతాయో చెప్పే అంకె, పూర్తిగా కలిసి నడిస్తే 1) 0.3, 0.4 ఉంటే సహజం. 0.8 ఉంటే మీరు కొలిచింది సామాజిక బాధ్యత కాదు, ఉద్యోగి మూడ్. అప్పుడు ఆ విభాగం మీద తీర్మానాలు చేయకుండా, వాక్యాలను మరింత నిర్దిష్టంగా తిరగరాయండి.

పేరు తెలియదు అంటే నిజంగా తెలియకూడదు

యాజమాన్యం గురించి అడుగుతూ యాజమాన్యమే జవాబులు చూస్తుందనిపిస్తే అందరూ 4 నొక్కి బయటపడతారు. ఒక్కొక్కరికి వేరే లింకు పంపి "ఇది పేరులేని సర్వే" అనడం అబద్ధం. అందరికీ ఒకే లింకు ఇవ్వండి, లాగిన్ అడగకండి, ఈమెయిల్ సేకరించే సెట్టింగ్ ఆపేయండి. కంప్యూటర్ లేని కార్మికులకు కాగితం, తాళం వేసిన పెట్టె. సూపర్‌వైజర్ పక్కన నిలబడి నింపించకూడదు. కాంట్రాక్టు కార్మికులను వదిలేయకండి, కంపెనీ బాధ్యత ఎలాంటిదో అందరికంటే దగ్గరగా చూసేది వాళ్లే.

వ్యక్తిగత వివరాలు ఎక్కువ అడిగితే పేరు అడిగినట్టే. 6 డిపార్ట్‌మెంట్లు, 4 అనుభవ శ్రేణులు, 3 హోదాలు కలిస్తే 72 గడులు. 200 మంది కంపెనీలో గడికి ముగ్గురు కూడా రారు. అంత చిన్న చోట ఒకటే అడగండి. ఏ గుంపు ఫలితమైనా 10 మందికి తగ్గితే చూపకండి. ఆ గుంపును దాచినా మొత్తంలోంచి తీసివేతతో బయటపడొచ్చు: 40 మంది సగటు 3.6, అందులో 32 మంది సగటు 3.8 అని రెండూ చూపిస్తే, దాచిన 8 మంది సగటు (144 − 121.6) ÷ 8 = 2.8 అని ఎవరైనా లెక్కేస్తారు. ఒక గుంపును దాచినప్పుడు పక్కనున్న ఇంకో చిన్న గుంపునూ దాచాలి, లేదా రెంటినీ కలిపేయాలి.

వ్యాఖ్యలను యథాతథంగా మేనేజర్లకు పంపకండి. రాసే తీరును బట్టే మనిషిని పట్టేస్తారు. సారాంశం రాసివ్వండి. వేధింపు, ప్రాణాపాయం లాంటి ఫిర్యాదు ఈ పెట్టెలో పడితే, పేరు లేదు కాబట్టి రాసినవారిని కలవలేం. అందుకే వ్యాఖ్య పెట్టె పైనే అసలు ఫిర్యాదు ఎక్కడ చేయాలో రాసిపెట్టండి.

ముందు కొద్దిమందితో

పూర్తి సర్వేకు ముందు రెండు దశలు. మొదటిది, వేర్వేరు పనులు చేసే 6 నుంచి 10 మందితో ఒక్కొక్కరిగా కూర్చుని, వాక్యం చదివాక మనసులో ఏమొచ్చిందో పైకి చెప్పమనడం. "ఈ వాక్యం అర్థమైందా" అని అడగకండి, ఎవరూ కాలేదనరు. "దీన్ని మీ మాటల్లో చెప్పండి" అనండి. ముగ్గురు మూడు రకాలుగా చెబితే వాక్యం మార్చాలి. ఇంగ్లీషులోనూ తెలుగులోనూ రెండు రూపాలు నడుపుతుంటే, తెలుగు రూపాన్ని మూలం చూడని వ్యక్తితో తిరిగి ఇంగ్లీషు చేయించి పోల్చండి.

రెండో దశ 30 నుంచి 50 మందితో చిన్న సర్వే. ఇందులో చూడాల్సినవి: ఎంత సమయం పట్టింది, ఏ వాక్యానికి "తెలియదు" 70 శాతం దాటింది, దేనికి అందరూ ఒకే అంకె ఇచ్చారు. అందరూ 5 ఇచ్చే వాక్యం ఏమీ కొలవదు, తీసేయండి. "తెలియదు" ఎక్కువ వచ్చిన వాక్యాన్ని మాత్రం తొందరపడి తీసేయకండి. తెలియకపోవడమే ఫలితం కావచ్చు.

నడపడం

300 మంది లోపు ఉంటే అందరినీ అడగండి. అంతకు మించితే శాంపుల్ తీయొచ్చు: 95 శాతం నమ్మకంతో ±5 శాతం తేడాలోపు ఫలితం కావాలంటే 500 మందిలో 217, వెయ్యిమందిలో 278, ఐదువేలలో 357 జవాబులు కావాలి. ఇవి వచ్చిన జవాబుల సంఖ్యలు, పంపిన ఫారాలవి కావు. సగం మందే స్పందిస్తారనుకుంటే రెట్టింపు మందికి పంపాలి. డిపార్ట్‌మెంట్లవారీగా పోల్చాలంటే ఈ లెక్క కూడా చాలదు, కాబట్టి వీలైతే అందరినీ అడగడమే నయం.

10 పనిదినాలు తెరిచి ఉంచండి. నాలుగో రోజున, ఎనిమిదో రోజున గుర్తుచేయండి. బోనస్ పడిన వారం, ఉద్యోగాలు తీసేసిన నెల, సేవా కార్యక్రమం జరిగిన మర్నాడు మొదలుపెట్టకండి. జవాబివ్వనివాళ్లు ఎవరో తెలియదు గానీ, చివరి రెండు రోజుల్లో బలవంతంగా ఇచ్చినవాళ్లు కాస్త వాళ్లలాంటివాళ్లే. వాళ్ల సగటును మొదటి మూడు రోజుల సగటుతో పోల్చండి. తేడా పెద్దదైతే, మౌనంగా ఉన్నవాళ్ల అభిప్రాయం మీ ఫలితం కంటే తక్కువో ఎక్కువో ఊహించవచ్చు.

లెక్కలు

మొదట శుభ్రం చేయడం. తిరగేసిన వాక్యాలతో సహా అన్నిటికీ ఒకే అంకె నొక్కినవాళ్లు, మధ్యగత సమయంలో (అందరి సమయాలనూ వరుసలో పెడితే నడిమధ్య వచ్చేది) మూడోవంతు కూడా పట్టనివాళ్లు, ఈ రెండూ ఒకరిలోనే కనిపిస్తే ఆ జవాబు తీసేయండి. ఒక్కటే ఉంటే ఉంచండి. నచ్చని జవాబులను ఏరేయడానికి ఇది సాకు కాకూడదు, నియమాన్ని ముందే రాసిపెట్టుకోండి.

తర్వాత ఒక విభాగంలోని నాలుగు వాక్యాలు ఒకే విషయాన్ని కొలుస్తున్నాయా అని చూడాలి. దీనికి 1951 నుంచి వాడుకలో ఉన్న క్రాన్‌బాక్ ఆల్ఫా సరిపోతుంది, ఎక్సెల్‌లోనే వేయొచ్చు. ముందు తిరగేసిన వాక్యాలను సరిచేసుకుని, ఒక్కో వాక్యానికి విస్తృతి (వేరియన్స్, జవాబులు సగటు నుంచి ఎంత చెదిరాయో చెప్పే కొలత) కనుక్కోండి. ఉదాహరణకు 0.9, 1.1, 0.8, 1.0. మొత్తం 3.8. నాలుగు వాక్యాలనూ కూడితే ఒక్కో ఉద్యోగికి వచ్చే మొత్తాల విస్తృతి 9.5 అనుకుందాం. ఆల్ఫా = 4/3 × (1 − 3.8/9.5) = 0.80. 0.70 పైన ఉంటే పర్లేదు. 0.95 దాటితే సంబరపడకండి, ఒకే వాక్యాన్ని నాలుగు రకాలుగా అడిగారని అర్థం. బాగా తక్కువ వస్తే ముందు అనుమానించాల్సింది తిరగేసిన వాక్యాన్ని 6లోంచి తీశారా లేదా అని.

200కు పైగా జవాబులుంటే ఏ వాక్యాల జవాబులు కలిసి నడుస్తున్నాయో చూపే ఫ్యాక్టర్ ఎనాలిసిస్ చేయొచ్చు, జమోవి, జాస్ప్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు చాలు. రెండు విభాగాల మధ్య సహసంబంధం 0.85 దాటితే ఉద్యోగులు వాటిని వేరుగా చూడటం లేదు, కలిపేయండి.

విభాగం స్కోరు వేయడానికి నాలుగులో కనీసం మూడు వాక్యాలకు అంకె ఇచ్చి ఉండాలి. తక్కువైతే ఆ ఉద్యోగికి ఆ విభాగంలో స్కోరు వేయవద్దు, "తెలియదు" శాతంలో మాత్రం లెక్కలోకి వస్తారు.

డిపార్ట్‌మెంట్ల మధ్య తేడాల మీద వాదనలు ఎప్పుడూ ఉంటాయి. 30 మంది గుంపు, ప్రామాణిక విచలనం (విస్తృతికి వర్గమూలం) 0.9 అయితే, సగటు చుట్టూ ±0.32 అనిశ్చితి ఉంటుంది. అలాంటి రెండు గుంపుల మధ్య తేడాకు అది ±0.46. అంటే ఒక డిపార్ట్‌మెంటు 3.7, ఇంకోటి 3.5 అని మేనేజర్‌ను నిలదీయడం అన్యాయం. ఈ అనిశ్చితిని రిపోర్టులో ప్రతి సగటు పక్కనా వేయండి, ర్యాంకుల పట్టిక వేయకండి.

ఫలితం చూపడం

ఒక్కో విభాగానికి మూడు శాతాలు పక్కపక్కన పెట్టండి: 4, 5 ఇచ్చినవాళ్లు, 1, 2 ఇచ్చినవాళ్లు, తెలియదన్నవాళ్లు. సగటు ఆ తర్వాత. 3.0 సగటు అందరూ 3 ఇచ్చినా వస్తుంది, సగం మంది 1, సగం మంది 5 ఇచ్చినా వస్తుంది. రెండోది ఉన్నచోట ఏదో చీలిక ఉంది. తరచూ అది ఆఫీసు, ఉత్పత్తి విభాగాల మధ్యో, పర్మనెంటు, కాంట్రాక్టు వాళ్ల మధ్యో ఉంటుంది.

తర్వాత ఆ స్కోర్లను కంపెనీ రికార్డుల పక్కన పెట్టండి: ప్రమాదాల రిజిస్టరు, సప్లయర్ల చెల్లింపు తేదీలు, నీటి పరీక్షల ఫలితాలు, కస్టమర్ల ఫిర్యాదులు. రికార్డు బాగుండి స్కోరు తక్కువైతే సమాచారం చేరలేదు, లేదా రికార్డులోకి ఎక్కని సంగతి ఉద్యోగులు చూస్తున్నారు. ఈ రెండో అవకాశాన్ని ముందు పరిశీలించండి. ప్రమాదాల రిజిస్టరు ఖాళీగా ఉండి, భద్రత స్కోరు 2.4 వస్తే రిజిస్టరునే అనుమానించాలి. రికార్డు చెడ్డగా ఉండి స్కోరు ఎక్కువైతే, ఉద్యోగులకు నిజం చెప్పలేదన్నమాట. అది బయటపడిన రోజున మిగతా విభాగాల మీద నమ్మకం కూడా పోతుంది.

ఫలితాలు 30 రోజుల్లోగా ఉద్యోగులకు చెప్పండి, తక్కువ వచ్చినవాటితో సహా. వాటిలో ఒకటి రెండింటి మీద ఏం చేయబోతున్నారో, ఎవరు, ఏ తేదీలోగా చేస్తారో కలిపి చెప్పండి. ఏమీ చెప్పకపోతే వచ్చే ఏడు స్పందన పడిపోతుంది, ఇచ్చినవాళ్లు కూడా చదవకుండా నొక్కుతారు.

మళ్లీ కొలిచేది ఏడాది తర్వాత, అదే నెలలో, అవే మాటలతో. స్కేలు 5 నుంచి 7కు మార్చడం, "నాకు తెలియదు" గడిని కొత్తగా పెట్టడం లేదా తీసేయడం, ఇలా ఏది మారినా రెండేళ్ల సగటులను పోల్చలేం. ఒక వాక్యం తప్పనిసరిగా మార్చాల్సి వస్తే, ఒక ఏడాది పాతదీ కొత్తదీ రెండూ ఉంచి, తర్వాత పాతది తీయండి. రెండో ఏడు సగటుకంటే ముందు "తెలియదు" శాతాన్ని చూడండి. అది తగ్గి, సగటు కూడా కాస్త తగ్గితే పరిస్థితి చెడిందని తేల్చేయకండి. నిరుడు తెలియనివాళ్లు ఈ ఏడు తెలుసుకుని, చూసింది చూసినట్టు చెబుతూ ఉండొచ్చు.